నాన్న వేలిముద్ర

రేషను షాపులో మా నాన్న వేలిముద్ర పడలేదు. దమ్ములూ నాట్లూ జోరుగా సాగుతున్న రోజులు. బొటనవేలు పంచెకు తుడుచుకొని మళ్లీ పెట్టాడు. చూపుడువేలు పెట్టాడు. యంత్రం ఒప్పుకోలేదు. "వేళ్లు అరిగిపోయినాయిరా, ఇంక నేను నేను కాదంట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తరువాతి వారం ప్రాక్టికల్స్‌లో అరచేతి చర్మం స్లైడు ఇచ్చారు. నాన్న మాట మనసులో పెట్టుకొనే చూశాను.

మొదట 10 రెట్ల కటకంతో అడుగు ఎటో, పైభాగం ఎటో తేల్చుకోవాలి. హిమటాక్సిలిన్ రంగుకు నీలి కేంద్రకాలు ఒత్తుగా కనిపించే వైపు అడుగు. ఇయోసిన్‌కు గులాబిరంగు తేలిన మందపాటి పట్టీ పైభాగం. తరువాత 45 రెట్ల కటకం తిప్పాలి. ఆధారత్వచాన్ని తాకేది అట్టడుగు వరుస ఒక్కటే. స్తరిత ఉపకళకు అదే గుర్తు. పేరు మాత్రం పైవరుసను బట్టి పెడతారు. అక్కడ చదును కణాలు గనుక ఇది స్తరిత శల్కల ఉపకళ. వాయునాళం స్లైడులోనూ కేంద్రకాలు ఎగుడుదిగుడుగా ఉండి పొరలున్నట్టే అనిపిస్తుంది. కాని అక్కడ ప్రతి కణమూ ఆధారత్వచం మీదే నిలబడుతుంది. పరీక్షలో మనం బోల్తా పడేది ఇక్కడే!

గడ్డివామిలో కొత్త గడ్డి పైన పడుతుంది. చర్మంలో వరుస తారుమారు. అడుగు కణాలు విభజన చెంది, కొత్తవి పాతవాటిని పైకి నెడతాయి. పైకి పోయేకొద్దీ కణాలు చదునై, కెరాటిన్ నింపుకొని, కేంద్రకం పోగొట్టుకొని, చివరకు పొట్టుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు 4 వారాలో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. రాపిడి ఎక్కువైనచోట పైపొర దళసరి కడుతుంది. చేతులు కాయలు కాయడమంటే ఇదే.

మరి గీతలో? వాటి అచ్చు పైన లేదు. బాహ్యచర్మం కింద అంతశ్చర్మం గట్లుగట్లుగా పైకి చొచ్చుకొని ఉంటుంది. స్లైడులో అది అలలాగా కనిపిస్తుంది. తల్లి కడుపులోనే ఏర్పడిన ఆ అమరిక చెడనంతవరకు, పైన ఎంత అరిగినా మళ్లీ ఆ గీతలే వస్తాయి.

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లి చెప్పాను. "నాన్నా, నీ గీతలు ఎక్కడికీ పోలేదు. నాలుగైదు వారాలు పార పట్టకుంటే తిరిగొస్తాయి."

"నాలుగైదు వారాలు పార పట్టకుంటే చేను ఊరుకుంటుందట్రా?" అన్నాడు.

నేను చదివిన దాంట్లో దానికి జవాబు లేదు. ఆ నెలలన్నీ చెల్లెలి వేలిముద్రతోనే బియ్యం తెచ్చుకున్నాం. కోతలూ నూర్పిళ్లూ అయి పనులు సద్దుమణిగాక, అదే యంత్రం మీద నాన్న బొటనవేలు మొదటిసారికే పడింది.

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం