పాత కంప్యూటర్‌ పారేసే ముందు.. పెన్‌డ్రైవ్‌లో లినక్స్‌

హోసూరు: ‘‘విండోస్‌ 10కి ఇంక అప్‌డేట్లు రావంట కదా బాబూ.. ఈ డబ్బాను తూకానికి వేసేయాల్సిందేనా?’’ మా వీధిలో డీటీపీ సెంటర్‌ నడిపే పెద్దాయన ప్రశ్న ఇది. తమిళనాడులో ఉంటూ తెలుగులోనే పెండ్లిపత్రికలు వేయించుకునే మా ఇండ్లకు ఆయనే దిక్కు. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 అడిగే టీపీఎం 2.0 ఆయన పాత కంప్యూటర్‌లో లేదు.

కొత్తది కొనే ముందు లినక్స్‌ చూద్దామన్నాను. ‘‘ఉన్నవన్నీ చెరిగిపోతే?’’ అన్నారు. ఇరవై ఏళ్ల పత్రికల ఫైళ్లు అందులోనే ఉన్నాయి మరి.

నిజానికి లినక్స్‌ మన పిల్లలకు కొత్త కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌ పక్కనే సీడాక్‌ వారి బాస్‌ లినక్స్‌ ఉండేది. అటు తొంగిచూసినవాళ్లే తక్కువ!

ఇన్‌స్టాల్‌ చేయకుండానే..

లినక్స్‌ మింట్‌ ఫైలు దాదాపు 3 జీబీ. వాళ్ల సొంత సైట్‌ నుంచే దించుకుని, రూఫస్‌ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మొదటిసారి నేను మా పాప నామకరణం ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ పెట్టేశాను. ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంటారు.

షిఫ్ట్‌ నొక్కిపట్టి విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్‌ చేశాం. మళ్లీ ఆన్‌ చేస్తూనే ఎఫ్‌12 నొక్కితే (హెచ్‌పీ అయితే ఎఫ్‌9) దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. బిట్‌లాకర్‌ ఉన్న కంప్యూటరైతే, సెక్యూర్‌ బూట్‌ సెట్టింగులు కదిపే ముందు 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. లేకపోతే విండోస్‌ తలుపు తీయదు.

రెండు మూడు నిమిషాలకు తెర వచ్చింది. ఇదంతా ర్యామ్‌లో నడుస్తుంది కాబట్టి హార్డ్‌డిస్క్‌లో దానంతటది ఏమీ రాయదు. అలాగని ఏం చేసినా ఫరవాలేదని కాదు. తెరమీది ‘ఇన్‌స్టాల్‌’ బొమ్మను ముట్టుకోకూడదు. విండోస్‌ డ్రైవ్‌ తెరిచి ఫైలు తీసేస్తే నిజంగానే పోతుంది. ఇక్కడ కొట్టిన ఉత్తరం మాత్రం ఆఫ్‌ చేయగానే మాయమవుతుంది. కావాలంటే వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి.

వైఫై తగులుకుంది. ప్రింటర్‌ పలికింది. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చాక పెద్దాయన ఊరి పేరు, తండ్రి పేరు కొట్టి చూసుకున్నారు. పెన్‌డ్రైవ్‌ మీద నడుస్తున్నందున కాస్త నిదానం, అంతే.

అసలు పరీక్ష

‘‘పేజ్‌మేకర్‌, అను ఫాంట్లు ఏవీ?’’ అన్నారు తర్వాత. అవి విండోస్‌ కోసం చేసినవి, ఇందులో నేరుగా నడవవు. అను ఫాంట్లతో కొట్టినవి యూనికోడ్‌ అక్షరాలు కూడా కావు. ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలే. ఇరవై ఏళ్ల చేతివాటం వదిలి యూనికోడ్‌కు మారమని ఆ వయసువారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముందే తెలిసింది, అదే మేలు. ఇన్‌స్టాల్‌ చేసేసి ఉంటే ఆయన జీవనాధారం పోయుండేది.

చివరికి డీటీపీ పనికి ఇంటర్నెట్‌ తీసేసిన విండోస్‌, రైలు టికెట్లకు, బ్యాంకు పనికి పెన్‌డ్రైవ్‌ లినక్స్‌ అనుకున్నాం. పెన్‌డ్రైవ్‌ లాగి మళ్లీ ఆన్‌ చేస్తే విండోస్‌ ఎప్పటిలాగే వచ్చింది. అయినా ఆయన పాత పెండ్లిపత్రిక ఒకటి తెరిచి, పేర్లన్నీ ఉన్నాయని చూసుకున్నాకే టీ తెప్పించారు.