నగరి ముక్కు అగ్నిపర్వతమా?

పుత్తూరు నుండి నగరికి ప్రయాణం చేసేవారికి ఆకాశపు అంచున ఒక విచిత్రమైన శిఖరం కానవస్తుంది. వెల్లకిల పరుండిన మనిషి ముఖం మీద నాసిక లేచినట్లుండే ఆ కొమ్మును నగరి ముక్కు అంటారు. ఎత్తు సుమారు 2,800 అడుగులు. సముద్రం అక్కడికి చాలా దూరమే. అయినా పూర్వం చెన్నపట్టణపు రేవుకు వచ్చే ఓడలవారికి ఆకాశం తేటగా ఉన్న రోజున ఈ ముక్కే ఆనవాలు.

ఇది చల్లారిన అగ్నిపర్వతమా అని అడిగేవారున్నారు. జపానులోని ఫ్యూజీ పర్వతాన్ని బొమ్మలలో చూచినవారికి ఆ సందేహం సహజమే. కాని కాదు. అగ్నిపర్వతం తాను కక్కిన లావానూ బూడిదనూ తన చుట్టూ పేర్చుకొని పెరుగుతుంది. మన తెలుగునాట అట్టి లావా పొరలు కడప జిల్లాలో వేంపల్లె, పులివెందుల ప్రాంతాలలో ఉన్నవి. నగరి కొండ మాత్రం ఇసుక. నూటయాభై కోట్ల ఏండ్లకు పైబడిన నాడు లోతు తక్కువైన సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక, పైబరువుకు అణగి క్వార్ట్జైటు అనే గట్టి రాయి అయినది.

అగ్నికి ఇందులో భాగమే లేదనలేము. ఈ కొండకు పీటగా ఉన్న నల్లసేనపు రాయి భూగర్భంలో కరిగి, మెల్లగా చల్లారి గడ్డకట్టినది. దాని వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. పై రాతికీ, క్రింది రాతికీ నడుమ కోట్లకొలది సంవత్సరాల చరిత్ర లోపించినది! తిరుమల ఘాటు రోడ్డు ప్రక్కన ఇట్టి అతుకే స్పష్టంగా కనబడుతుంది. దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. క్రింది రాయి త్వరగా శిథిలమైతే, పై రాయి నిలువు పగుళ్ల వెంట విరిగిపడుతుంది. ముక్కుకు ఆ కోసు అందుచేతనే వచ్చినది.

ఆ పగుళ్లే ఈ ప్రాంతపు భాగ్యం. వానకు ఇంకిన నీరు వాటిలో నిలిచి, మెల్లగా ఊటలై దిగుతుంది. నారాయణవనం దాటి పోతే కైలాసకోన జలపాతం కలదు. చెంతనే గుహలో శివపార్వతులను కొలుస్తారు. నారాయణవనమేమో పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం జరిగిన చోటని ప్రతీతి. ఇతర దేశాలలో కొండ నిప్పు కక్కునేమో అని మ్రొక్కుతారు. ఇక్కడ నీరిచ్చినదని మ్రొక్కుతారు.

రేడియోలో రాయి చూపలేము గదా! కోనకు వెళ్లినప్పుడు విరిగిన రాతిముక్క నొకదానిని ఎండలో త్రిప్పి చూడండి. తళుక్కుమనేది ఆనాటి ఇసుకరేణువే.