కార్డు చేతికొచ్చింది, పళ్లసెట్టు రాలేదు: అండమాన్ దీవుల్లో పెద్దల దంత సంరక్షణ

గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే నుంచి అండమాన్ రాజధాని శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సముద్రం మీద దాదాపు 540 కిలోమీటర్లు. 1969 నుంచి ప్రభుత్వం ఇక్కడ మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరిచింది. ఆ తరంలో మిగిలినవారంతా ఇప్పుడు వయసు మళ్లినవారే.

వారిలో ఒక పెద్దాయనకు పళ్లన్నీ ఊడిపోయాయనుకుందాం. పూర్తి పళ్లసెట్టు ఒక్కసారి ఆసుపత్రికి వెళితే అయ్యే పని కాదు. మొదటిసారి దవడల అచ్చు తీస్తారు. రెండోసారి మరింత కచ్చితమైన అచ్చు. మూడోసారి పై దవడ, కింది దవడ ఎలా కలుస్తున్నాయో కొలుస్తారు. నాలుగోసారి మైనంలో పళ్లు అమర్చి, నోట్లో పెట్టి చూస్తారు. ఐదోసారి అసలు సెట్టు చేతికిస్తారు. ఆ తర్వాత చిగుళ్లు ఒరుసుకున్నచోట సరిచేయించుకోవడానికి ఒకటి రెండుసార్లు మళ్లీ వెళ్లాలి. పట్టణంలో ఉండేవారికి ఇవి ఆరేడు ఆటో ప్రయాణాలు. దీవిలో ఉండేవారికి ఆరేడు ఓడ ప్రయాణాలు, లేకపోతే రాజధానిలో బంధువుల ఇంట్లో వారాల తరబడి మకాం.

దంత వైద్యం ఖర్చును అందరూ రూపాయల్లోనే లెక్కిస్తారు. దీవుల్లో దాన్ని రోజుల్లో కూడా లెక్కించాలి.

బీమా ఎక్కడ ఆగుతోంది?

ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న మొదలైంది. ఏడాదికి కుటుంబానికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితం. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఈ పథకాన్ని వర్తింపజేశారు. వారికిచ్చేదే ఆయుష్మాన్ వయ వందన కార్డు.

పెద్దలకు ఇది నిజంగా పెద్ద అండ. అయితే ఈ పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం కోసం రూపొందింది. దవడ ఎముక విరిగినా, నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స కావాలన్నా కార్డు పనికొస్తుంది. పిప్పి పన్నుకు సిమెంటు పెట్టించుకోవడం, రూట్ కెనాల్, గార తీయించుకోవడం, పళ్లసెట్టు వంటివి మంచం ఎక్కకుండా, కుర్చీలో కూర్చుని చేయించుకునే పనులు. అవి దీని పరిధిలోకి రావు. పెద్దలకు తరచుగా కావలసినవి మాత్రం అవే.

ఈ తేడా మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో తెచ్చిన మెడికేర్ కూడా మామూలు దంత చికిత్సను, పళ్లసెట్లను మొదటి నుంచీ పక్కన పెట్టింది. నోటిని శరీరం నుంచి విడదీసి చూడటం బీమా రంగంలో పాత అలవాటు.

వయసుతో పాటే పళ్లు పోవాలా?

‘వయసు మీద పడింది, పళ్లు ఊడకేం చేస్తాయి’ అనుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ పళ్లు ఊడటానికి అసలు కారణం వయసు కాదు, ఏళ్ల తరబడి చికిత్స అందని పుచ్చు, చిగుళ్ల జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

వయసుతో చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. పైపొర ఎనామెల్ గట్టిది. నోట్లో ఆమ్లత పెరిగి పీహెచ్ 5.5కు దిగితే గానీ కరగదు. వేరు భాగం మెత్తన. పీహెచ్ 6.2 నుంచి 6.7 మధ్య ఉన్నప్పుడే కరగడం మొదలవుతుంది. అంటే తీపి టీ గుక్కలు కూడా దానికి ముప్పే. పైగా రక్తపోటుకు, మానసిక ఒత్తిడికి వాడే మందుల్లో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. ఆమ్లాన్ని కడిగేసేది లాలాజలమే కాబట్టి నోరెండితే పుచ్చు వేగం పెరుగుతుంది.

మధుమేహం చిగుళ్ల జబ్బును పెంచుతుంది, చిగుళ్ల జబ్బు చక్కెరను అదుపు తప్పిస్తుంది. పళ్లు లేనివారు వేరుశనగలు, పచ్చి కూరలు, మాంసం మానేసి గంజికీ మెత్తటి అన్నానికీ పరిమితమవుతారు. పోషకాలు తగ్గి కండ కరుగుతుంది.

దీవుల్లో మరో ముప్పు పొగాకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అండమాన్ నికోబార్ పురుషుల్లో సగానికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. నోట్లో మానని పుండును, తెల్లటి మచ్చను మొదట గుర్తించగలిగేది తరచుగా దంత వైద్యులే. పంటి కోసం ఆసుపత్రికి వెళ్లని మనిషి ఆ అవకాశాన్నీ కోల్పోతాడు.

ఉన్న దారులు

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 3.8 లక్షల మంది ఉన్నారు. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పెద్ద వైద్యానికి దిక్కు రాజధానిలోని జి.బి. పంత్ ఆసుపత్రి. మాయాబందర్‌లో డాక్టర్ ఆర్.పి. ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బి.జె.ఆర్. ఆసుపత్రి జిల్లా స్థాయిలో పనిచేస్తున్నాయి.

పళ్లసెట్టుకు దారి చూపే కేంద్ర పథకం ఒకటుంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్ర, కళ్లద్దాలు, వినికిడి యంత్రంతో పాటు కట్టుడు పళ్లు కూడా ఉచితంగా ఇవ్వాలని చెబుతోంది. కర్ణాటక ‘దంత భాగ్య’ పథకంతో పేద పెద్దలకు ఉచితంగా పళ్లసెట్లు ఇస్తోంది. 2014-15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల దంత విభాగాలకు తోడ్పడుతోంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలోనూ నోటి ఆరోగ్యం ఉంది.

డ్రిల్లు లేకుండా చికిత్స

కుర్చీ, కంప్రెసర్, ఎడతెగని కరెంటు లేనిచోట కూడా పన్నును కాపాడవచ్చు. 1980ల మధ్యలో టాంజానియాలో రూపొందిన ఏఆర్‌టీ పద్ధతిలో పుచ్చును చేతి పనిముట్లతోనే తొలిచి, గ్లాస్ అయానమర్ సిమెంటుతో నింపుతారు. డ్రిల్లు అక్కర్లేదు, చాలామందికి మత్తు సూదీ అక్కర్లేదు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చు మీద రాస్తే అది అక్కడితో ఆగుతుంది. ఆ చోటు నల్లబడటం ఒక్కటే లోపం. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. చిన్న సంచిలో పట్టే ఈ సామగ్రి ఓడెక్కి ఏ దీవికైనా వెళ్లగలదు.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ క్యాంప్‌బెల్ బే దాకా వెళ్లింది. నోటి ఫొటో పంపి, ఎవరు ఓడెక్కాలో, ఎవరికి ఊళ్లోనే సరిపోతుందో రాజధానిలోని వైద్యుడు చెప్పగలిగితే వృథా ప్రయాణాలు తగ్గుతాయి. పళ్లసెట్టు కావలసినవారందరినీ ఒకే విడతలో రప్పించినా, ల్యాబ్ టెక్నీషియన్‌తో సహా వైద్య బృందమే కొన్ని రోజులు దీవిలో మకాం వేసినా ఐదు ప్రయాణాలు ఒకటవుతాయి.

జపాన్ 1989లో ‘80 ఏళ్లకు 20 పళ్లు’ అనే లక్ష్యం పెట్టుకుంది. అప్పట్లో ఆ వయసువారిలో పది మందికి ఒకరైనా దాన్ని అందుకోలేదు. 2016 సర్వే నాటికి సగం మంది అందుకున్నారు. అక్కడ ఆరోగ్య బీమాలో దంత వైద్యం కూడా భాగం. కెనడా 2023 డిసెంబరులో కొత్త దంత సంరక్షణ పథకానికి దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు ముందుగా పిలిచింది వృద్ధులనే.

ఈలోగా ఇళ్లలో చేయగలిగినవీ ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం, పళ్లసెట్టును రాత్రి తీసి కడిగి నీళ్లలో ఉంచడం, రెండు వారాలకు మించి మానని నోటి పుండును వైద్యుడికి చూపించడం తప్పనిసరి. పళ్లు లేనివారికీ ఏటా ఒకసారి నోటి పరీక్ష కావాలి.

క్యాంప్‌బెల్ బే పెద్దాయన చేతిలో రూ.5 లక్షల కార్డు ఉంది. ఆయనకు కావలసింది అందులో చాలా చిన్న భాగం. ఆ చిన్న భాగానికి కూడా కార్డు వర్తించి, వైద్యుడు ఆయన దీవికే వచ్చిన రోజున ఆయన మళ్లీ అందరితో పాటు కూర్చుని అన్నం తినగలుగుతాడు.