ఫెర్మాను మోసగించిన సంఖ్య

ముప్పదిరెండు రెండులను ఒకదానితో నొకటి గుణించి, లబ్ధమునకు 1 చేర్చినచో 4294967297 వచ్చును. చూచుటకు ఇందు విశేషమేమియు లేదు. కాని సంఖ్యల మర్మము లెరిగిన ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అంతటివాడు దీనివలన పొరపడెను.

2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతములకు ఒక్కొక్కటి చేర్చగా 3, 5, 17, 257, 65537 వచ్చును. ఈ ఐదును ప్రధాన సంఖ్యలే. 32వ ఘాతముతో వచ్చు ఆరవది మన సంఖ్య. ఈ వరుసలోని వన్నియు ప్రధాన సంఖ్యలేయని ఫెర్మా 1640 ప్రాంతమున లేఖలలో వ్రాసెను. నిరూపణ దొరకలేదని కూడ ఒప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినది.

పరీక్షించుట సులభము కాదు. ఈ సంఖ్య వర్గమూలము వరకు ఆరువేలకు పైగా ప్రధాన సంఖ్యలు కలవు. 1732లో ఆయిలర్ దీని గుట్టు విప్పెను. దీనికి కారణాంకమున్నచో అది 64 యొక్క గుణిజమునకు 1 చేర్చిన రూపముననే యుండవలెనని ఆయన పిదప వివరించెను. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే ఫలితము! 641ని 6700417తో గుణించి చూడుడు. విచిత్రమేమన, ఈ మార్గమునకు మూలమైన సిద్ధాంతము ఫెర్మా కనుగొన్నదే.

భాగహారము చేయకయే దీనిని నిరూపింపవచ్చును. 640 యొక్క నాల్గవ ఘాతమునుండి 1 తీసివేసినచో మిగిలినది 641తో నిశ్శేషముగా భాగింపబడును. 640 అనగా 5 రెట్లు 128; కావున ఆ నాల్గవ ఘాతము, 2 యొక్క 28వ ఘాతమునకు 625 రెట్లు. 625కు బదులు 641లో 16 తక్కువ యని వ్రాసినచో, ఆ మిగిలినది 641 యొక్క ఒక గుణిజమునుండి మన సంఖ్యను తీసివేయగా వచ్చినదే యగును. ఇక మన సంఖ్య 641కి లొంగక తప్పదు.

మరియొక చమత్కారము. ఇది 65536, 1ల వర్గముల మొత్తము. 62264, 20449ల వర్గముల మొత్తమును ఇదియే. ప్రధాన సంఖ్య ఏదియు ఇట్లు రెండు విధములుగా విడివడదు.

ఈ వరుసలో ఆరవది మొదలుకొని ఇంతవరకు నిర్ణయమునకు వచ్చినవన్నియు సంయుక్త సంఖ్యలే. 65537 తరువాత మరియొక ప్రధాన సంఖ్య కలదో లేదో నేటికిని ఎవరును తేల్చలేదు.