వేగం - వివేకం

వేగం పట్ల ఆకర్షణ మానవునికి సహజం. కాలినడకన సాగిన మనిషి గుర్రాన్ని మచ్చిక చేసుకొన్నాడు. రథాన్ని నిర్మించాడు. చివరకు యంత్రాన్ని సృష్టించి, దాని శక్తిని కూడ గుర్రాలతోనే కొలిచాడు. 'అశ్వశక్తి' అనే కొలమానం ఆ పాత అనుబంధానికి గుర్తు. ప్రయాణానికే గాక, నడపడంలోని ఆనందం కోసం ప్రత్యేకంగా రూపొందిన వాహనం స్పోర్ట్స్ కారు. తక్కువ ఎత్తు, తక్కువ బరువు, ఎక్కువ శక్తి, చోదకుని ఆజ్ఞకు తక్షణమే స్పందించే గుణం దాని లక్షణాలు. సుమారు శతాబ్ద కాలం పెట్రోలు ఇంజనే దానికి ప్రాణం. ఇరవై ఒకటో శతాబ్దంలో విద్యుత్ మోటారు ఆ స్థానానికి పోటీగా వచ్చింది. ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్న ప్రశ్న పైకి ధనవంతుల వినోదానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. నిజానికి అందులో విజ్ఞానశాస్త్రం ఉంది, సౌందర్యదృష్టి ఉంది, సమాజం పట్ల బాధ్యత కూడ ఉంది.

విద్యుత్ వాహనం నిన్నమొన్న పుట్టిందని పలువురు భావిస్తారు. అది సరికాదు. 1899 ఏప్రిల్ 29న ఫ్రాన్సులో, పారిస్ సమీపంలోని అషేర్ వద్ద, బెల్జియం దేశీయుడైన కమీల్ జెనాట్జీ 'లా జమే కాంటాంట్' అనే విద్యుత్ కారులో గంటకు 105 కిలోమీటర్లకు పైగా వేగాన్ని సాధించాడు. గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని దాటిన మొదటి రోడ్డు వాహనం అదే. ఆ పేరుకు 'ఎన్నడూ తృప్తి చెందనిది' అని అర్థం. అయినప్పటికీ తరువాతి కాలంలో పెట్రోలు కారే నిలదొక్కుకొన్నది. ఆనాటి సీసపు బ్యాటరీలు మిక్కిలి బరువైనవి. కొద్ది దూరానికే వాటి శక్తి ఉడిగిపోయేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరును అమర్చడంతో, ఇంజనును చేతితో తిప్పవలసిన శ్రమ తప్పింది. పెట్రోలు కారు విజయానికి విద్యుత్తే తోడ్పడడం చరిత్రలోని ఒక చమత్కారం.

ఈ రెండు మార్గాలనూ పక్కపక్కన నిలిపి చూడడానికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని హెథెల్ గ్రామంలో లోటస్ సంస్థ 1996 నుండి 2021 వరకు 'ఎలీస్' అనే చిన్న పెట్రోలు స్పోర్ట్స్ కారును తయారుచేసింది. అల్యూమినియం చట్రంతో నిర్మితమైన ఆ కారు తేలికదనానికి పేరు పొందింది. అమెరికాకు చెందిన టెస్లా సంస్థ ఆ చట్రాన్నే ఆధారం చేసుకొని, తగిన మార్పులు చేసి, 2008లో 'రోడ్‌స్టర్' అనే విద్యుత్ స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. దాని దేహనిర్మాణం కూడ హెథెల్‌లోనే జరిగింది. అంటే, ఒకే కుదురు నుండి వచ్చిన రెండు దేహాలలో రెండు వేర్వేరు హృదయాలు అమరాయన్నమాట.

రోడ్‌స్టర్ బ్యాటరీలో 6,831 చిన్న లిథియం ఘటాలు ఉండేవి. దాని బరువు సుమారు 450 కిలోలు. అందులో నిలువచేయగలిగిన విద్యుత్తు 53 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్లకు సమానమైన శక్తి ఇమిడి ఉంటుంది. ఈ లెక్కన అంతటి భారీ బ్యాటరీలో ఉన్నది ఆరు లీటర్ల పెట్రోలుకు సరిపడిన శక్తి మాత్రమే. ఆరు లీటర్ల పెట్రోలు బరువు ఐదు కిలోలకు మించదు. ఈ పోలికను బట్టి చూస్తే విద్యుత్ కారు ఓడిపోయినట్లే తోస్తుంది. కాని ఆ ఆరు లీటర్లతో పెట్రోలు స్పోర్ట్స్ కారు వంద కిలోమీటర్లు పోవడమే కష్టం. రోడ్‌స్టర్ మాత్రం సుమారు 390 కిలోమీటర్లు పోగలిగింది. కారణం స్పష్టమే. ఇంజను తాను తాగిన ఇంధనంలో అధిక భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. మోటారు తనకు అందిన విద్యుత్తులో సుమారు తొంబై శాతాన్ని చలనంగా మార్చగలదు. అంతేగాక బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది.

వేగాన్ని అందుకోవడంలో మోటారుది పైచేయి. ఇంజను తన పూర్తి బలాన్ని చూపడానికి నిమిషానికి కొన్నివేల సార్లు తిరగాలి. అందుకే గేర్లు అవసరమవుతాయి. మోటారు నిశ్చల స్థితి నుండే పూర్తి బలంతో తిప్పగలదు. రోడ్‌స్టర్‌కు ఒకే ఒక గేరు సరిపోయింది. అది నాలుగు సెకన్ల లోపే గంటకు 97 కిలోమీటర్ల వేగాన్ని అందుకొనేది.

అయితే స్పోర్ట్స్ కారుకు తిన్నని రోడ్డు ఒక్కటే పరీక్ష కాదు. మలుపులలో బరువే శత్రువు. జర్మనీలో న్యూర్‌బుర్గ్‌రింగ్ అనే సుదీర్ఘమైన పందెపు బాట ఉంది. దాని ఒక చుట్టు సుమారు 20.8 కిలోమీటర్లు. పోర్షే సంస్థ వారి పెట్రోలు కారు 911 జిటి3, 2021లో వెలువడిన నమూనా, ఆ చుట్టును 6 నిమిషాల 59.9 సెకన్లలో పూర్తిచేసింది. అదే సంస్థ 2024లో విడుదల చేసిన విద్యుత్ కారు టైకాన్ టర్బో జిటికి 7 నిమిషాల 7.5 సెకన్లు పట్టింది. మొదటిదాని శక్తి సుమారు 510 అశ్వశక్తి. రెండవదానిది వెయ్యికి పైమాట. మొదటిదాని బరువు 1,430 కిలోల ప్రాంతం కాగా, రెండవదాని బరువు 2,200 కిలోలకు పైగా ఉంది. టైకాన్ నాలుగు తలుపుల కారు కనుక ఈ పోలిక సంపూర్ణం కాదు. అయినా బలం రెట్టింపైనంత మాత్రాన బరువు చేసే కీడు తొలగిపోదన్న సత్యం ఇందులో గోచరిస్తుంది.

కొలతలకు అందని విషయం మరొకటి ఉంది. అదే అనుభూతి. ఇంజను ధ్వని ఆరోహణ అవరోహణలతో సాగుతూ వేగాన్ని చెవికి తెలుపుతుంది. గేరు మార్చడంలో చేతికీ కాలికీ కుదిరే పొందిక ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరినవానికి పెట్రోలు కారు వాద్యం వంటిది. విద్యుత్ కారులో ఆ నాదం లేదు. దాని ఆకర్షణ నిశ్శబ్దంలోనూ, తక్షణ స్పందనలోనూ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చెంత విద్యుత్ కార్ల 'ఫార్ములా ఈ' పోటీ జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే ప్రథమం. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ అందులో విజేత. చెవులు చిల్లులుపడే ఇంజను గర్జన లేకుండానే నగరం నడిబొడ్డున పందెం సాగవచ్చునని తెలుగువారు ఆనాడు ప్రత్యక్షంగా చూశారు.

ఇక పర్యావరణం మాట. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. విద్యుత్ కారు వెనుక పొగ రాదు. కాని బ్యాటరీ తయారీలో కాలుష్యం ఉంది. మన దేశపు విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. తయారీలో చేసిన ఆ అప్పును విద్యుత్ కారు తాను తిరిగే ప్రతి కిలోమీటరుతోనూ కొద్దికొద్దిగా తీర్చుకొంటుంది. నిత్యం తిరిగే కారు త్వరగా ఋణవిముక్తి పొందుతుంది. షెడ్డులో నిలిచి, పండుగకో పబ్బానికో బయటకు వచ్చే కారుకు ఆ అప్పు తీరడానికి చాలాకాలం పడుతుంది. కనుక 'విద్యుత్ కారు పరిశుద్ధం, పెట్రోలు కారు పాపం' అన్న తీర్పు తొందరపాటే అవుతుంది.

మహాభారతం ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఒక ఘట్టం ఉంది. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువులో ఉన్న నలుడు, ఒక్క పగటిలో విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు, చూపులకు బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చాడు. రాజు సందేహించాడు. కాని అశ్వహృదయం తెలిసిన నలుడు వెళ్లవలసిన దూరాన్నీ, గుర్రపు గుణాన్నీ చూశాడేగాని పైరూపాన్ని చూడలేదు.

కారు ఎంపికకైనా అదే సూత్రం వర్తిస్తుంది. రోజూ నగరంలో తిరిగేవారికి, ఇంటివద్ద ఛార్జింగ్ వసతి ఉన్నవారికి విద్యుత్ కారు అన్నివిధాల మేలు. ఛార్జింగ్ కేంద్రాలు అరుదైన దూరపు దారులలో ప్రయాణించేవారికి, తేలికైన కారును మలుపులలో నైపుణ్యంతో నడపడమే ఆనందమనుకొనేవారికి పెట్రోలు కారు నేటికీ తగినదే. అయితే ఆ ఆనందానికి మూల్యాన్ని కొంత లోకం కూడ చెల్లిస్తున్నదని వారు మరువరాదు. 'ఏది గొప్పది?' అనే ప్రశ్నకు ముందు 'ఎందుకు? ఎంత దూరం? ఎవరి ఖర్చుతో?' అనే ప్రశ్నలు వేసుకోవాలి. వేగాన్ని యంత్రం ఇస్తుంది. దానిని ఎక్కడ, ఎంతవరకు వినియోగించాలో నిర్ణయించే వివేకాన్ని మాత్రం మనిషే సమకూర్చుకోవాలి.