మంచి ముక్కలొచ్చినా ఎప్పుడు పడెయ్యాలి?

మా నాగాయలంకలో రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా అంటే నిద్ర ఆపుకోవడమే పని. ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకుంటా, మధ్యలో నలుగురం కూచుని పేక వేస్తాం. డబ్బుల్లేవు. 101 ఆట, ఓడినోడు టీ కాచాలి, అంతే.

మొన్నొక రాత్రి నాకు పదమూడు ముక్కల్లో మూడు జోకర్లు పడ్డయ్. రాజులు రెండు, రాణులు రెండు, ఆసు ఒకటి. ఇంక ఆట నాదే అనుకున్నా. లైఫ్ మాత్రం లేదు. "వస్తదిలే" అనుకుని తీస్తా ఉన్నా. అయిదు చుట్లు తిరిగినా రాలేదు. ఎదురుగా బాబాయ్ మొదట్లో పెద్ద ముక్కలు పారేసినోడు, తర్వాత మూడ్లూ నాలుగులూ పారేయడం మొదలెట్టాడు. అంటే చేతిలో అన్నీ కుదిరినయ్, ఒక్క ముక్క కోసం ఆగాడన్నమాట. నేను చూశా, పట్టించుకోలా. ఆరో చుట్టులో షో. నాకు ఫుల్ కౌంట్, 80.

టీ తాగుతా బాబాయ్ ఒకటే మాట అన్నాడు: "జోకర్లు మొదటి చుట్టులోయిరా. నువ్వాడింది ఆరో చుట్టు."

ఈ మాట విడమర్చి చెప్దామనే ఇది రాస్తన్నా. చెత్త ముక్కలొస్తే ఎవడైనా పడేస్తాడు. మంచి ముక్కలొచ్చినప్పుడు పడెయ్యడమే కష్టం.

లెక్క చూడండి. 101 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40. లైఫ్ లేకుండా దొరికిపోతే 80 దాకా పడతది. గెలిస్తే సున్నా. ఆరో చుట్టులో నా ముందున్నది 40 ఖాయంగా రాయించుకోవడమా, 80కి తెగించడమా అన్నదే. ఇట్టాంటి రెండాటల్లో ఒకటన్నా గెలుస్తానని నమ్మకం ఉంటేనే ఉండాలి. లైఫ్ లేనోడికి, ఎదుటోడు ఒక్క ముక్క దూరంలో ఉన్నప్పుడు, ఆ నమ్మకం ఎక్కడిది? లైఫ్ లేకపోతే మూడు జోకర్లున్నా మిగతా ముక్కలన్నీ కౌంటే.

పోకర్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తది. అక్కడ చేతికి రెండే ముక్కలిస్తారు. మధ్యలో అందరికీ కలిపి అయిదు పరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి. చేతిలో రెండు ఆసులు పడ్డం అన్నిటికంటే గొప్ప ఆరంభం. సగటున 221 పంపకాలకి ఒకసారి పడతయ్. ఎదురుగా ఒక్కడే ఉండి ఆఖరిదాకా ఆడితే, వందలో 85 సార్లు ఆసులే గెలుస్తయ్. అదే తొమ్మిది మంది ఆఖరిదాకా ఉంటే? వందలో 31 సార్లే. ముక్కలు అయ్యే, ఆట మారింది.

రెండు రాజులొచ్చినోడి సంగతి చూడండి. మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కల్లో ఆసు కనపడే అవకాశం వందలో 22, 23 సార్లు. ఆసు కనపడింది, అప్పటిదాకా మెదలకుండా ఉన్నోడు ఒక్కసారిగా పెద్ద పందెం వేశాడు. ఆ రాజులు ఇంక పాత రాజులు కావు.

అట్టాంటప్పుడు ఉండాలా, పడెయ్యాలా? దానికీ లెక్కుంది. మధ్య కుప్పలో 300 బిళ్ళలున్నయ్, ఎదుటోడు ఇంకో 100 వేశాడు. మీరు ఉండాలంటే 100 పెట్టాలి. అప్పుడు కుప్ప 500. అంటే అయిదుసార్లలో ఒకసారి గెలిస్తే సరికి సరి. అంతకంటే తక్కువైతే పడెయ్యాలి. ఇంతకుముందు మీరెంత పెట్టారన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. అది పోయిన డబ్బు, కుప్పది, మీది కాదు.

ఇది ఎంత నిజమో నాకు పేకలో తెలియలేదు, చెరువులో తెలిసింది. పోయిన పంటకి సీడు బాగా దిగింది. యాభై రోజులకి 100 కౌంట్, అంటే కిలోకి వంద రొయ్యలు. ఒకరోజు పొద్దున్నే చెక్ ట్రేలో మేత అట్టాగే ఉంది. రొయ్యలు గట్టు వారకి వచ్చినయ్. ఒకటి చేతిలోకి తీసుకుంటే తలమీద తెల్లమచ్చలు. వైట్ స్పాట్. 1994, 95ల్లో మన కోస్తా టైగర్ రొయ్యని ముంచింది ఇదే. ఒకసారి బయటపడిందంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు.

బాబాయ్ ఆరోజే పట్టేద్దామన్నాడు. నేనే ఆపా. "ఇంత మేత పోశాం గదా, 60 కౌంట్‌కి వస్తే రేటొస్తది" అన్నా. నాలుగో రోజు వల వేస్తే సగం కూడా రాలేదు. వచ్చిన ఆరంభాన్నీ, పోసిన మేతనీ చూసుకుంటా ఉన్నాను గానీ, ట్రేలో ఉన్నదాన్ని చూడలా.

మంచి ఆరంభం మనకి ధీమా ఇస్తది. ఆ ధీమాతోనే తర్వాత వచ్చే చెడు కబురుని చిన్నది చేసి చూస్తాం. పైగా పడేస్తే నలుగురిలో పిరికోడంటారని ఒక బాధ.

పేకకి సంబంధించి ఒక మాట. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పున్న ఆటగా చెప్పింది. ముక్క పట్టుకోవడంలో, పారేయడంలో నేర్పు కావాలంది. మూడు ముక్కలాటని మాత్రం ఉత్త అదృష్టం కిందే లెక్కగట్టింది. అట్టాగని ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడొచ్చని కాదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలు నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. "పోయింది రాబట్టుకుని మానేస్తా" అనే తమ్ముళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పోయింది లెక్కలోకి రాదని పైన చెప్పింది మీ కోసమే.

అడగాల్సింది ఒకటే: ఈ ముక్కలు, ఈ చెరువు ఇప్పుడే కొత్తగా నా చేతికొస్తే, ఇంకో రూపాయి పెడతానా? పెట్టనంటే అక్కడే ఆపాలి.

అయితే వేడిలో ఆ ప్రశ్న గుర్తుకు రాదు. అందుకే ఈ పంటకి సీడు వదలకముందే కాగితం మీద రాసి కాపలా గుడిసెలో అంటించా: "ట్రేలో మేత మిగిలి, తలమీద మచ్చ కనపడితే ఆరోజే వల. నీళ్ళు బ్లీచింగ్ కొట్టకుండా కాలవకి వదలొద్దు." కింద బాబాయ్ చేత సంతకం కూడా పెట్టించా.