తొలి చర్చ, తొందర తీర్పు

అమెరికా అధ్యక్ష ఎన్నికకు నవంబరు పోలింగు చివరి ఘట్టం మాత్రమే. దానికి ఏడాదికి పైగా ముందే, ఒకే పార్టీకి చెందిన నాయకులు తమలో ఎవరు ఆ పార్టీ అభ్యర్థి కావాలో తేల్చుకోవడానికి పరస్పరం తలపడే దశ ఒకటి మొదలవుతుంది. ఆ పోటీని తేల్చడానికి రాష్ట్రాలవారీగా జరిగే అంతర్గత ఎన్నికలను ప్రైమరీలు అంటారు. మన దేశంలో టికెట్టు ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం నిర్ణయిస్తుంది. అక్కడ ఆ పని సాధారణ ఓటర్ల చేతిలో ఉంది కాబట్టే, ప్రైమరీలకు నెలల ముందు టీవీలో జరిగే తొలి చర్చకు అంత విలువ వచ్చింది. ఆ చర్చ చూసినవారి స్పందన గంటల్లో విరాళంగా, రోజుల్లో సర్వే అంకెగా, వారాల్లో తర్వాతి చర్చా వేదిక మీద చోటుగా మారిపోతుంది. ఆ స్పందనలో ప్రేక్షకుడి సొంత ఆలోచన ఎంత, హాలులోని చప్పట్లు, విశ్లేషకుల మాటలు, మర్నాటి వీడియో ముక్కలు కలిసి అతడి చేత అనిపించినదెంత అన్న ప్రశ్నను అమెరికా పార్టీలు, టీవీ సంస్థలు ఇప్పటికీ తగినంత శ్రద్ధతో అడగడం లేదు.

నవంబరు ఎన్నికకు ముందు రెండు పార్టీల అభ్యర్థుల మధ్య జరిగే చర్చలో ప్రేక్షకుడికి పార్టీ అభిమానం అనే ఆధారం ఉంటుంది. డెమోక్రాట్లకు తమ అభ్యర్థి గెలిచినట్టే కనిపిస్తుంది, రిపబ్లికన్లకు తమవాడే నెగ్గినట్టు అనిపిస్తుంది, అటూ ఇటూ మారేవారు కొద్దిమందే ఉంటారు. ప్రైమరీ చర్చలో ఆ ఆధారం ఉండదు: వేదిక మీద ఉన్నవారంతా సొంత పార్టీవారే, వారి విధానాల మధ్య తేడాలు పైకి స్వల్పమే, సగం పేర్లు అంతకుముందు విననివే. అందుకే ప్రైమరీ చర్చలు ప్రేక్షకుల అభిప్రాయాలను మిగతా చర్చలకంటే ఎక్కువగా కదిలిస్తాయని రాజకీయ ప్రసారాలను అధ్యయనం చేసే పండితులు పలుమార్లు తేల్చారు. ఆ కదలిక నిజమైనదే, అయితే లోతుగా వేళ్లూనని మొక్కలా అది చిన్న గాలికీ ఒరిగిపోతుంది.

దేశమంతటా ప్రసారమైన తొలి ప్రైమరీ టీవీ చర్చ 1956 మే 21న ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామిలో జరిగింది. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడుతున్న అడ్లై స్టీవెన్సన్, ఎస్టెస్ కెఫావర్ ఏబీసీ నెట్‌వర్క్ కెమెరాల ముందు, క్విన్సీ హౌ నిర్వహణలో ఎదురెదురయ్యారు. విమానం నుంచి హైడ్రోజన్ బాంబును జారవిడిచిన తొలి అమెరికా ప్రయోగం బికినీ దీవిలో జరిగినట్టు అప్పుడే వార్త వచ్చి ఉండటంతో మాటలు అణుపరీక్షల మీదికి మళ్లాయి. ఇద్దరూ పెక్కు విషయాల్లో ఏకీభవించడంతో చర్చలో పోరు పదును కనిపించలేదు. నాడు ప్రేక్షకుల స్పందనను కొలిచే ఏర్పాటేదీ తెర మీద లేదు. మెచ్చినవారు, నచ్చనివారు ఉత్తరాలు రాసుకున్నారు, ఇరుగుపొరుగుతో మాట్లాడుకున్నారు, వారం తర్వాత ఓటు వేశారు. ఫ్లోరిడాలో స్టీవెన్సన్ స్వల్ప తేడాతో గెలిచారు. చప్పగా సాగిన చర్చ అని దానిని తక్కువచేసే వారున్నా, బాంబు పరీక్షలు ఆపాలా వద్దా అన్నంత పెద్ద ప్రశ్న మీద ఇద్దరు అభ్యర్థులు కేకలు లేకుండా మాట్లాడితే ఇళ్లలో కూర్చుని విన్న ప్రేక్షకులకు దక్కిన గౌరవం చిన్నది కాదు.

నాలుగేళ్ల తర్వాత వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ప్రాంతంలో డెమోక్రటిక్ అభ్యర్థిత్వం కోసం పోటీపడిన జాన్ కెనెడీ, హ్యూబర్ట్ హంఫ్రీ మధ్య జరిగిన చర్చలో ప్రేక్షకుడిని కదిలించే పద్ధతి మారింది. ప్రొటెస్టెంట్లే అత్యధికులైన ఆ రాష్ట్రంలో కెనెడీ క్యాథలిక్ అన్న సంగతి అందరికీ తెలిసిన కొద్దీ ఆయన ఆధిక్యం కరిగిపోయి హంఫ్రీది పైచేయి అయింది. 1960 మే 4న చార్లెస్టన్ స్టూడియోలో కెనెడీ, ప్రభుత్వం పేదలకు పంచే మిగులు ఆహారపు పొట్లాన్ని కెమెరాకు చూపించి, దానితో నెల గడుపుకోవలసిన కుటుంబాల గురించి చెప్పారు. గనులు మూతపడి పని పోయిన ఇళ్లలో అలాంటి పొట్లాలే ఉన్నాయి కాబట్టి, ధనిక కుటుంబంలో పుట్టిన ఆ సెనేటరు తమ వంటింటిని చూసినట్టే మాట్లాడారని అక్కడివారికి తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. మే 10న కెనెడీకి సుమారు 61 శాతం ఓట్లు రాగా, హంఫ్రీ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ గెలుపులో డబ్బు, ప్రచార యంత్రాంగం, మతం గురించి సూటిగా చేసిన ప్రసంగాలు కూడా ఉన్నందువల్ల ఘనతంతా చర్చకే కట్టబెట్టడం సరికాదు. అయితే మాటకంటే వస్తువు, వాదంకంటే దృశ్యం ఎక్కువకాలం నిలుస్తాయని అభ్యర్థులు ఆ రాత్రి నేర్చుకున్నారు.

చర్చను చూడనివారు కూడా దానికి స్పందించగలరని 1980 ఫిబ్రవరి 23న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో జరిగిన ఘటన నిరూపించింది. రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడుతున్నవారిలో కేవలం రొనాల్డ్ రీగన్, జార్జ్ బుష్‌ల మధ్య ఒక స్థానిక పత్రిక చర్చ ఏర్పాటు చేయగా, ఇద్దరికే ఖర్చు పెట్టడం చట్టవిరుద్ధమైన విరాళమవుతుందని ఎన్నికల సంఘం చెప్పడంతో ఆ ఖర్చును రీగన్ పక్షం భరించింది; ఆ తర్వాత ఆయన మిగతా అభ్యర్థులను కూడా వేదిక మీదికి పిలిచారు. వారికి చోటివ్వాలా వద్దా అన్న వివాదం రేగినప్పుడు రీగన్ మైకును ఆపేయమని నిర్వాహకుడు ఆదేశించగా, ఈ మైకుకు డబ్బు కడుతున్నది తానేనని రీగన్ గద్దించారు, బడి వ్యాయామశాలలో నిండిన జనం హోరెత్తారు. ఇళ్లలో ఉన్న ఓటర్లలో అత్యధికులకు చేరింది ఆ కొద్ది క్షణాల వార్తా దృశ్యమే. పన్నుల మీద, విదేశాంగం మీద ఎవరేమన్నారో వారికి అందలేదు. మూడు రోజుల తర్వాత జరిగిన ప్రైమరీలో రీగన్‌కు 50 శాతం, బుష్‌కు 23 శాతం ఓట్లు వచ్చాయి.

నాషువా దృశ్యంలో రీగన్ కోపం ఎంత ఉందో జనం హోరు కూడా అంత ఉంది. ఈ హోరు ఏం చేస్తుందో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టీవెన్ ఫైన్, జార్జ్ గోథల్స్, మాథ్యూ కుగ్లర్ ప్రయోగపూర్వకంగా పరిశీలించి 2007లో ప్రచురించారు. 1984 అక్టోబరులో డెమోక్రటిక్ అభ్యర్థి వాల్టర్ మాండేల్‌తో జరిగిన చర్చలో రీగన్ తన వయసు మీద వేసిన ప్రసిద్ధమైన చలోక్తిని వారు కొందరికి ఉన్నదున్నట్టు చూపించారు, మరికొందరికి హాలులోని నవ్వులు, చప్పట్లు తీసేసి చూపించారు. మాట అదే, ముఖం అదే, గొంతు అదే; అయినా నవ్వులు వినని ప్రేక్షకులు రీగన్‌ను గణనీయంగా తక్కువ అంచనా వేశారు. చలోక్తి పేలిందని ప్రేక్షకుడికి చెప్పినది చలోక్తి కాదు, ఎవరో ముక్కూమొహం తెలియని వందలమంది.

2012 జనవరిలో రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న న్యూట్ గింగ్రిచ్ ఈ సంగతిని తన అనుభవంతో బయటపెట్టారు. ఆ నెల 19న సౌత్ కరోలినాలో, మాజీ భార్య చేసిన ఆరోపణల గురించి సీఎన్ఎన్ నిర్వాహకుడు తొలి ప్రశ్నగా అడగగానే ఆయన మీడియా మీద విరుచుకుపడ్డారు, హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండు రోజులకు అక్కడి ప్రైమరీలో ఆయన 40 శాతం ఓట్లతో, 28 శాతం వచ్చిన ప్రత్యర్థి మిట్ రామ్నీని ఓడించారు. 23న టాంపాలో ఎన్‌బీసీ నిర్వహించిన చర్చలో చప్పట్లు కొట్టవద్దని సభికులను కోరగా గింగ్రిచ్ మాటల్లో జోరు తగ్గింది. సభికుల నోరు నొక్కే చర్చలకు ఇకపై రానని ఆయన మర్నాడే ప్రకటించారు. ఫ్లోరిడాలో తర్వాత ఎదురైన ఓటమికి రామ్నీ పక్షం టీవీ ప్రకటనల మీద కుమ్మరించిన డబ్బు కూడా కారణమే గనుక, నిశ్శబ్దమే ఆయనను ఓడించిందనలేము. కానీ తన బలం ఎక్కడుందో అభ్యర్థికి స్పష్టంగా తెలుసునని ఆ ప్రకటన చెప్పకనే చెప్పింది.

చప్పట్లను మించిన ప్రభావం తెర అడుగున పాకే గీతది. ఎంపిక చేసిన కొద్దిమంది చేతికి డయల్ ఇచ్చి, వింటున్న మాట నచ్చితే ఒకవైపు, నచ్చకపోతే మరోవైపు తిప్పమని చెప్పి, వారి సగటును ప్రత్యక్ష ప్రసారంలో గీతగా చూపించడం ఈ పద్ధతి. 2010లో బ్రిటన్‌లో కోలిన్ డేవిస్, జెఫ్రీ బవర్స్, అమీనా మెమన్ 150 మందికి ఎన్నికల చర్చను చూపిస్తూ, తాము ముందే తయారుచేసిన దొంగ గీతను తెర మీద నడిపించారు. గీత ఎవరికి అనుకూలంగా లేస్తే, ప్రేక్షకులకు ఆ నాయకుడే చర్చలో నెగ్గినట్టు అనిపించింది. కొద్దిమంది డయళ్ల కదలిక లక్షలమంది అభిప్రాయాన్ని వంచగలిగినప్పుడు దానిని సమాచారం అని పిలవడం న్యాయం కాదు. పైగా ఎంపిక చేసిన బృందాల మాట నిలవని సందర్భాలూ ఉన్నాయి: 2015 ఆగస్టు 6న క్లీవ్‌లాండ్‌లో జరిగిన తొలి రిపబ్లికన్ చర్చను 2 కోట్ల 40 లక్షల మంది చూడగా, ఫాక్స్ న్యూస్‌లో సర్వేల నిపుణుడు ఫ్రాంక్ లంట్జ్ కూర్చోబెట్టిన ఓటర్ల బృందం డొనాల్డ్ ట్రంప్ మీద పెదవి విరిచింది, తర్వాతి వారాల సర్వేల్లో ఆయన ఆధిక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

తొలి చర్చ స్పందన ఎంత వేగంగా లేచి ఎంత వేగంగా చల్లారుతుందో తెలుసుకోవడానికి 2019 జూన్ 27 రాత్రికి మించిన ఉదాహరణ లేదు. ఓటింగుకు ఇంకా ఏడు నెలలుండగా, మయామిలోనే, 20 మంది డెమోక్రటిక్ అభ్యర్థులను రెండు రాత్రులకు పంచి నిర్వహించిన ఆ చర్చల్లో రెండో రాత్రిని 1 కోటి 81 లక్షల మంది చూశారు. జాతి వివక్ష మీద మాట్లాడతానని కమలా హారిస్ అవకాశం తీసుకుని జో బైడెన్ వైపు తిరిగి, ఆయనను జాత్యహంకారిగా తాను భావించడం లేదని మొదటే చెప్పి, బస్సింగ్‌ను ఆయన వ్యతిరేకించడాన్ని ప్రశ్నించారు. నల్లజాతి, తెల్లజాతి పిల్లలు విడివిడి బడుల్లో చదవకుండా, వారిని తమ పేటలు దాటి వేరే బడులకు బస్సుల్లో పంపిన ఏర్పాటును బస్సింగ్ అంటారు. 1970లలో అది కోర్టు ఆదేశాలతో చాలా నగరాల్లో అమలై తీవ్ర వివాదాలకు దారితీసింది. కాలిఫోర్నియాలో అలా బస్సెక్కి బడికి వెళ్లిన చిన్న పిల్ల తానేనని హారిస్ అన్నప్పుడు బైడెన్ కాసేపు సమర్థించుకుని, తన సమయం అయిపోయిందంటూ మాట ఆపేశారు. ముందువరసలో ఉన్న అభ్యర్థి తనంత తానే మాట ఆపేయడం ప్రేక్షకుల మనసులో గట్టిగా నాటుకుంది. హారిస్ ప్రచార బృందం ఆ రాత్రే జడలు వేసుకున్న ఆమె చిన్ననాటి ఫోటోను సామాజిక మాధ్యమాల్లో పెట్టింది, దానిని ముద్రించిన టీషర్టులను అమ్మకానికి ఉంచింది, 24 గంటల్లో 20 లక్షల డాలర్ల విరాళాలు వచ్చాయి.

మే నెల సీఎన్ఎన్ సర్వేలో 32 శాతం ఉన్న బైడెన్ మద్దతు చర్చ తర్వాత 22కు పడిపోయింది, హారిస్ 8 నుంచి 17కు ఎగబాకారు. ఆ వారం రాసినవారిలో పలువురు బైడెన్ పని అయిపోయినట్టే రాశారు. అయితే బస్సింగ్ విషయంలో ఇప్పుడు ఆమె విధానం ఏమిటని విలేకరులు అడిగినప్పుడు వచ్చిన సమాధానం బైడెన్ వైఖరికి పెద్దగా దూరంలో లేదని కొద్ది రోజుల్లోనే తేలింది. ప్రేక్షకులను కదిలించిన బాధ సత్యమైనది, దానిని ఎవరూ కాదనలేరు. కానీ అధ్యక్షురాలిగా ఏం చేస్తారన్న ప్రశ్నకు ఆ రాత్రి జవాబు రాలేదు, వచ్చిందా అని చూసే వ్యవధి ప్రేక్షకుడికి ఎవరూ ఇవ్వలేదు. నవంబరుకల్లా ఆమె మద్దతు 5 శాతం లోపుకు జారింది, డిసెంబరు 3న ఆమె పోటీ నుంచి తప్పుకున్నారు. బైడెన్ 2020 ఫిబ్రవరి చివర సౌత్ కరోలినా గెలిచి అభ్యర్థి అయ్యారు, ఆగస్టులో ఆమెనే ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నారు.

ఇలా ఎగసి చల్లారే స్పందనను పార్టీలు నియమాల్లోకి ఎక్కించడం ఇంకా బాధాకరం. 2019లో డెమోక్రటిక్ పార్టీ తొలి రెండు చర్చలకు అర్హత కావాలంటే 65 వేల మంది దాతలుండాలి, లేదా మూడు సర్వేల్లో 1 శాతం రావాలి. సెప్టెంబరు చర్చ నాటికి 1 లక్షా 30 వేల మంది దాతలతోపాటు నాలుగు సర్వేల్లో 2 శాతం కూడా కావలసి వచ్చింది. ఒక రాత్రి పదునుగా మాట్లాడలేకపోయిన గవర్నరు, పదేళ్ల పాలనానుభవం ఉన్నా, తర్వాతి వేదికకు దూరమయ్యే ప్రమాదం ఇందులో ఉంది. వేదిక మీద ఎవరుండాలో ప్రేక్షకుడి తొలి ఉద్వేగం నిర్ణయిస్తున్నప్పుడు, ఆ ఉద్వేగాన్ని రేపగలిగే వాక్యాన్ని ముందే రాసి పెట్టుకోవడం అభ్యర్థులకు విధి అవుతుంది.

అమెరికాలో రాత్రి 9 గంటలకు మొదలయ్యే చర్చ వేసవిలో మన ప్రాంతంలో మర్నాటి ఉదయం 6.30 గంటలకు వస్తుంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి పౌరసత్వం పొందిన తెలుగువారు దానిని ఓటర్లుగా చూస్తారు. హైదరాబాదులోనూ గుంటూరులోనూ ఉన్న వారి తల్లిదండ్రులకు మాత్రం అది భారతీయ మూలాలున్న అభ్యర్థి ఎలా రాణించారన్న రెండు నిమిషాల వీడియోగా ఫోనులోకి వచ్చి చేరుతుంది. 2023 ఆగస్టు 23న మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ చర్చలో వివేక్ రామస్వామి అందరి దృష్టినీ ఆకర్షించినా, ఆయన, నిక్కీ హేలీ, రాన్ డిశాంటిస్‌లలో ఎవరు మెరుగన్న చర్చ ఎంత సాగినా, ఆ వేదిక మీదికి రాని ట్రంప్ ఆధిక్యం మారలేదు. వీడియో ముక్కలోని గెలుపును ఎన్నికలోని గెలుపుగా లెక్కించుకున్నవారికి తర్వాతి నెలలు నిరాశే మిగిల్చాయి.

2024 జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్ మధ్య జరిగిన చర్చను సీఎన్ఎన్ సభికులు లేని స్టూడియోలో నిర్వహించింది, ఒకరు మాట్లాడుతుంటే మరొకరి మైకును ఆపేసింది. నవ్వు, చప్పట్లు, హోరు ఏవీ లేని ఆ గదిలో బైడెన్ తడబాటును 5 కోట్లకు పైగా ప్రేక్షకులు ఎవరి సాయమూ లేకుండా చూశారు; ఆ స్పందన చల్లారలేదు, జులై 21న ఆయన పోటీ నుంచి వైదొలిగారు. అది ప్రైమరీ చర్చ కాదు, ఒక్క ఉదాహరణతో సూత్రం తేల్చడం కూడా తగదు. అయినా సభికులను తప్పించడం సాధ్యమేనని ఆ రాత్రి రుజువైంది గనుక, ప్రైమరీ చర్చలను కూడా అలాగే జరపాలని, డయల్ గీతను తెర మీదినుంచి తొలగించాలని, చర్చ జరిగిన వారంలోపు తీసిన సర్వేలను అర్హతకు లెక్కించకూడదని కోరడం అత్యాశ కాదు. నిండిన హాలు వల్ల వచ్చే సందడిని వదులుకోవడం పార్టీల జాతీయ కమిటీలకు, టీవీ సంస్థలకు కష్టమే. కానీ 1956లో మయామి స్టూడియో ఆ సందడి లేకుండానే చర్చ నడిపింది, ఓటర్లు వారం ఆలోచించుకునే ఓటు వేశారు.